మీకు తెలుసా? సీరియల్ పోర్టు ఎందుకు పలకదో!

సికింద్రాబాద్ కంటోన్మెంటులో తిరుమలగిరి పేరు చెప్పగానే సైన్యం గుర్తొస్తుంది. సైనిక పరికరాల మరమ్మతును శాస్త్రంగా నేర్పే మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్ ఇక్కడే ఉంది. ఆ కళాశాల సైన్యంలోని ఈఎంఈ కోర్‌కు చెందినది. 1943 అక్టోబరు 15న ఆ కోర్ ఏర్పడింది. మరమ్మతు విద్యకు ఇంత పేరున్న ఈ చోటి చుట్టుపక్కలే ఏటా ఎందరో ఇంజినీరింగు విద్యార్థులు ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఒక సెన్సారునో, జీపీఎస్ మాడ్యూలునో, తూకం యంత్రాన్నో కంప్యూటరుకు తగిలించి పైథాన్‌లోనో, జావాలోనో చదవాలని కూర్చుంటారు. సీరియల్ పోర్టు తెరుచుకోదు. తెరుచుకున్నా అర్థంలేని గుర్తులు వస్తాయి. తెర మీది ఎర్ర అక్షరాలు చూసి ప్రోగ్రామునే పదేపదే తిరగరాస్తారు. లోపం మాత్రం చాలాసార్లు ప్రోగ్రాముకు కింద, తీగలోనో అనుమతిలోనో వేగంలోనో ఉంటుంది. అది ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పే సంగతులు ఇవి.

1. ఆర్‌ఎస్-232, ఈసీఐఎల్ తొలి కంప్యూటరు దాదాపు ఒక ఈడువి

సీరియల్ పోర్టుకు ఆధారమైన ఆర్‌ఎస్-232 ప్రమాణాన్ని అమెరికా ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లో తెచ్చింది. ఎక్కువ కాలం నిలిచిన దాని ‘సి’ రూపం 1969లో వచ్చింది. అదే ఏడు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో మొదలైన సంస్థ ఈసీఐఎల్. ఆ తరం కంప్యూటర్లు ఇప్పుడు ప్రదర్శనశాలల వస్తువులు. సీరియల్ లైను మాత్రం నేటికీ పనిలో ఉంది.

2. సికింద్రాబాద్ రైలు టికెట్లకూ సీరియల్ లైనుతో చుట్టరికం ఉంది

రైల్వే రిజర్వేషన్లు కంప్యూటర్లకు ఎక్కినప్పుడు దేశం మొత్తానికి ఐదు కేంద్రాలు ఏర్పడ్డాయి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైల సరసన ఐదోది మన సికింద్రాబాద్. తొలినాళ్ల బుకింగు కౌంటర్లలో అక్షరాలు మాత్రమే చూపే టెర్మినళ్లు సీరియల్ లైన్ల ద్వారానే పెద్ద కంప్యూటరుతో మాట్లాడేవి. లైనక్స్‌లో సీరియల్ పోర్టుల పేర్లు సాధారణంగా ‘టీటీవై’తో మొదలవడం టెర్మినళ్ల కంటే ముందున్న టెలిటైపు యంత్రాల వారసత్వం. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు పది అక్షరాలు కొట్టేది.

3. 9600 వేగానికి స్ఫటికం లెక్క కుదరాలి

ఐబీఎం పీసీ 1981లో వచ్చినప్పుడు దాని సీరియల్ చిప్పుకు 18,43,200 హెర్ట్జ్ స్ఫటిక గడియారం ఇచ్చారు. చిప్పు దాన్ని 16తో భాగిస్తుంది. వచ్చేది 1,15,200. దీన్ని 12తో భాగిస్తే 9600, 24తో భాగిస్తే 4800. మామూలుగా వాడే వేగాలు ఇలా పూర్ణ సంఖ్యలుగా తెగిపోతాయి. అన్ని బోర్డులకూ ఆ అదృష్టం లేదు. 16 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఆర్డునో ఊనోకు 1,15,200 వేగం పెడితే, లెక్క కుదరక అది నిజానికి 1,17,647 వేగంతో పంపుతుంది. తేడా సుమారు 2 శాతమే కాబట్టి మామూలుగా పని నడిచిపోతుంది.

4. ఐదు శాతం దాటితే అక్షరం చెడిపోతుంది

సీరియల్ లైనులో గడియారానికి వేరే తీగ ఉండదు. ప్రతి బైటుకూ ముందు ఒక స్టార్ట్ బిట్ వస్తుంది. అవతలి చిప్పు దాన్ని చూసి తన లెక్క మొదలుపెట్టి, తర్వాతి బిట్లను ఒక్కొక్కటి సరిగ్గా మధ్యలో చదువుతుంది. పదో బిట్ దగ్గరికి వచ్చేసరికి పోగైన తేడా సగం బిట్‌ను దాటకూడదు. అంటే రెండు వైపుల తప్పూ కలిపి సుమారు 5 శాతం లోపలే ఉండాలి. ఇంత ఇరుకైన హద్దు ఉన్నచోట 4800కు బదులు 9600 పెడితే ఒక్క అక్షరమూ నిలవదు. జీపీఎస్‌ల భాష అయిన ఎన్‌ఎంఈఏ 0183 ప్రమాణం చెప్పే వేగం 4800. ఇప్పుడు దొరికే చాలా మాడ్యూళ్లు 9600తో మొదలవుతాయి. తెర మీద అర్థంలేని గుర్తులు వస్తున్నాయంటే పోర్టు, డ్రైవరు, అనుమతి అన్నీ బాగున్నట్టే. ముందుగా వేగం సరిచూసుకోవాలి.

5. ‘తిరుమలగిరి’ అన్న మాటకు 30 బైట్లు కావాలి

9600 వేగం అంటే సెకనుకు 9600 అక్షరాలు కాదు. ఎనిమిది డేటా బిట్లకు ముందొకటి, వెనకొకటి కలిపి బైటుకు పది బిట్లు ఖర్చవుతాయి. కాబట్టి సెకనుకు వెళ్లేవి 960 బైట్లు. యూనికోడ్‌లో ‘తిరుమలగిరి’ అని రాస్తే హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి పది సంకేతాలు అవుతాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. మొత్తం 30 బైట్లు, 300 బిట్లు. 9600 వేగంతో ఆ పేరు తీగ దాటడానికి 31 మిల్లీసెకన్లు పడుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ప్రోగ్రాము ఒక విడతలో 20 బైట్లు చదివి వెంటనే తెలుగులోకి మార్చబోతే, ఆరు సంకేతాలు పూర్తయి ఏడోది మధ్యలో తెగుతుంది. పైథాన్ డీకోడ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. వరుస పూర్తయ్యేదాకా బైట్లను పోగుచేసుకుని, ఆ తర్వాతే అక్షరాలుగా మార్చాలి.

6. ఏడు బిట్ల అమరికలో ‘త’ అక్షరం `0$ అయిపోతుంది

కొన్ని పాత పరికరాలు ఎనిమిది డేటా బిట్లకు బదులు ఏడే పంపుతాయి. ఇంగ్లిషు అక్షరాలకు ఏడు చాలు. తెలుగు బైట్లన్నింటిలోనూ ఎనిమిదో బిట్ ఒకటిగా ఉంటుంది. దాన్ని కోసేస్తే ‘త’ తాలూకు మూడు బైట్లు `0$ అనే మూడు గుర్తులుగా దిగుతాయి. ఇంగ్లిషు చక్కగా వచ్చి తెలుగు మాత్రమే చెడిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది ఈ బిట్ల సంఖ్యనే. తప్పు ఫాంటుది కాదు.

7. విండోస్‌లో కామ్1 పేరుతో ఫైలు తయారుచేయలేరు

కామ్1 నుంచి కామ్9 దాకా పేర్లను విండోస్ పోర్టుల కోసమే కేటాయించింది. పది, ఆపైన ఉన్న పోర్టుల పేర్లకు ముందు \\.\ అనే గుర్తులు చేర్చి తెరవాలి. పైథాన్‌లో సీరియల్ పోర్టు కోసం వాడే పైసీరియల్ లైబ్రరీ ఆ పని తానే చేసుకుంటుంది. విండోస్ ఫంక్షన్లను నేరుగా పిలిచేవారు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. కాలేజీ ల్యాబుల్లో ఇది తరచుగా ఎదురవుతుంది. కొత్త యూఎస్‌బీ అడాప్టరు గుచ్చినప్పుడల్లా విండోస్ కొత్త సంఖ్య ఇస్తూ పోతుంది, అవి ఇరవైలూ ముప్పైలూ దాటుతాయి. పాత విజువల్ బేసిక్ 6లోని ఎంఎస్‌కామ్ కంట్రోలు 16వ పోర్టు దాకానే ఒప్పుకుంటుంది. డివైస్ మేనేజరులోకి వెళ్లి సంఖ్యను చేత్తో తగ్గిస్తే సరిపోతుంది.

8. లైనక్స్‌లో పోర్టు తెరవాలంటే ఒక సమూహంలో సభ్యత్వం కావాలి

ఉబుంటు, డెబియన్‌లలో సీరియల్ పోర్టులు ‘డయలౌట్’ అనే సమూహం చేతిలో ఉంటాయి. మీ ఖాతా అందులో లేకపోతే ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. ఆర్చ్ లైనక్స్‌లో ఆ సమూహం పేరు ‘యూయూసీపీ’. సభ్యత్వం ఇచ్చాక కూడా అదే తప్పు కనిపిస్తే కంగారు పడొద్దు. లాగౌట్ అయి మళ్లీ లోపలికి వస్తేనే కొత్త సభ్యత్వం పనిచేస్తుంది. ప్రోగ్రామును రూట్ అధికారంతో నడిపి గండం గడుపుకోవడం మంచి అలవాటు కాదు. అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

9. విండోస్ రెండో ప్రోగ్రామును ఆపుతుంది, లైనక్స్ రానిస్తుంది

విండోస్‌లో ఒక పోర్టును ఒక సమయంలో ఒక ప్రోగ్రామే తెరవగలదు. ఆర్డునో సీరియల్ మానిటర్ తెరిచి ఉండగా పైథాన్ నడిపితే ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అంటుంది. ఇది అనుమతుల గొడవలా కనిపిస్తుంది గానీ, మానిటర్ మూస్తే తీరిపోతుంది.

లైనక్స్‌లో పరిస్థితి ఇంకా చిక్కు. అక్కడ రెండో ప్రోగ్రాముకు కూడా పోర్టు మామూలుగానే తెరుచుకుంటుంది. వచ్చిన బైట్లలో కొన్ని దీనికి, కొన్ని దానికి పోతాయి. చాలాసార్లు ఎర్రర్ ఏదీ రాదు, వాక్యాల్లో అక్షరాలు మాయమవుతుంటాయి. పైసీరియల్‌లో పోర్టు తెరిచేటప్పుడు ‘ఎక్స్‌క్లూజివ్’ అనే ఎంపిక పెడితే, అదే ఎంపికతో వచ్చే మరో ప్రోగ్రాము ఆగిపోతుంది.

10. మీకు తెలియకుండానే మరో ప్రోగ్రాము పోర్టుతో మాట్లాడుతుండవచ్చు

లైనక్స్‌లో మోడెమ్‌మేనేజర్ అనే సేవ, కొత్తగా గుచ్చిన సీరియల్ పరికరం మోడెమేమోనని పలకరించి చూడవచ్చు. మీ బోర్డు ఆ పలకరింపును ఆదేశంగా పొరబడవచ్చు. ఉబుంటు 22.04లో మరొకటి చాలామందిని ఇబ్బంది పెట్టింది. చూపులేనివారి బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే సేవ, యూఎస్‌బీ అడాప్టర్లలో ఉండే సీహెచ్340 చిప్పు గుర్తింపు సంఖ్యను చూసి దాన్ని బ్రెయిలీ పరికరంగా భావించి తీసేసుకునేది. గుచ్చగానే పోర్టు కనిపించి, మరుక్షణం మాయమయ్యేది. అవసరమైనవారికి ఆ సేవ ఎంతో విలువైనది. మీ కంప్యూటరులో ఎవరూ బ్రెయిలీ పరికరం వాడకపోతే దాన్ని ఆపవచ్చు. ‘డీమెసేజ్’ ఆదేశం ఇచ్చి కెర్నెల్ సందేశాలు చదివితే జరిగింది వరుసగా కనిపిస్తుంది.

11. ఫైలుకు పెట్టిన పేరే ప్రోగ్రామును ఆపేస్తుంది

పైథాన్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పైసీరియల్ అనాలి, ప్రోగ్రాములో దిగుమతి చేసేటప్పుడు సీరియల్ అనాలి. చాలామంది తమ ఫైలుకే సీరియల్.పీవై అని పేరు పెట్టుకుంటారు. అప్పుడు పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి మీ ఫైలునే దిగుమతి చేసుకుంటుంది. ‘సీరియల్ మాడ్యూల్‌లో సీరియల్ అనేదే లేదు’ అన్న అర్థం వచ్చే ఎర్రర్ చూపిస్తుంది. సీరియల్ అనే పేరుతోనే వేరే పనికి చెందిన మరో ప్యాకేజీ కూడా ఉంది. పొరపాటున దాన్ని ఎక్కించినా ఫలితం ఇదే. ఫైలు పేరు మార్చండి, తప్పు ప్యాకేజీ తీసేయండి, పైసీరియల్ మళ్లీ ఎక్కించండి.

12. వరుస చివరి గుర్తు రాకపోతే పరికరం జవాబే ఇవ్వదు

పైథాన్ 3లో సీరియల్ పోర్టుకు పంపాల్సింది బైట్లు. మామూలు అక్షరాల మాటను పంపితే టైప్ ఎర్రర్ వస్తుంది, దాన్ని ఎన్‌కోడ్ చేసి పంపాలి. అలా పంపినా అవతలి నుంచి మౌనమే అయితే, ఆదేశం ముగిసిందని చెప్పే గుర్తు పంపారో లేదో చూడండి. 1981లో హేస్ సంస్థ స్మార్ట్‌మోడెమ్‌తో పాటు తెచ్చిన ఏటీ ఆదేశాలు నేటి జీఎస్‌ఎం మాడ్యూళ్లలోనూ నడుస్తున్నాయి. వాటికి చివర క్యారేజ్ రిటర్న్ తప్పనిసరి. లైన్ ఫీడ్ ఒక్కటే పంపితే అవి ఇంకా మిగతా ఆదేశం కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

13. గడువు చెప్పకపోతే ప్రోగ్రాము ఎంతకాలమైనా ఎదురుచూస్తుంది

పైసీరియల్‌లో టైమౌట్ పెట్టకపోతే, చదివే ఆదేశం అడిగినన్ని బైట్లు వచ్చేదాకా కదలదు. రీడ్‌లైన్ అయితే లైన్ ఫీడ్ వచ్చేదాకా ఆగుతుంది. ప్రోగ్రాము బిగుసుకుపోయిందని అందరూ అనుకుంటారు. ఒక సెకను గడువు పెట్టి, ఖాళీ చేతులతో తిరిగి వస్తే ఏం చేయాలో రాసుకోవాలి. అప్పుడే పరికరం పలకడం లేదా, పలికినా వరుస ముగించడం లేదా అన్నది తేలుతుంది.

14. పోర్టు తెరవడమే ఆర్డునోకు రీసెట్

ఆర్డునో ఊనోలో డీటీఆర్ అనే సంకేతపు తీగ, 100 నానోఫారడ్ కెపాసిటర్ గుండా రీసెట్ పిన్నుకు కలుస్తుంది. కొత్త ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు బటన్ నొక్కే పని లేకుండా చేసిన ఏర్పాటు ఇది. దాంతో మీ పైథాన్ పోర్టు తెరిచిన ప్రతిసారీ బోర్డు మొదటికొస్తుంది. వెంటనే పంపిన ఆదేశం, కొత్త ప్రోగ్రాములు ఎక్కించే బూట్‌లోడరు పాలవుతుంది. తెరిచాక రెండు సెకన్లు ఆగి, పాత బైట్లను ఖాళీ చేసి, అప్పుడు మాట్లాడండి. బోర్డు తాను సిద్ధమని ఒక మాట పంపేలా రాసుకుంటే ఇంకా మేలు.

15. జవాబు ఆలస్యానికి 16 మిల్లీసెకన్ల నియమం కారణం కావచ్చు

ఎఫ్‌టీడీఐ యూఎస్‌బీ చిప్పులు వచ్చిన బైట్లను వెంటనే కంప్యూటరుకు ఇవ్వవు. ఒక ప్యాకెట్టు నిండాలి, లేదా 16 మిల్లీసెకన్లు గడవాలి. చిన్న ప్రశ్న, చిన్న జవాబు పద్ధతిలో సాగే ప్రోగ్రాము దీనివల్ల సెకనుకు సుమారు 60 జవాబులకు మించి పొందలేదు. వేగాన్ని ఎంత పెంచినా ఫలితం ఉండదు. డ్రైవరు అమరికల్లో లేటెన్సీ టైమరును 1 మిల్లీసెకనుకు దించితే తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

16. జావాలో చిక్కు తరచూ 32, 64 మధ్యే

జావాకు సీరియల్ పోర్టు పుట్టుకతో రాదు, బయటి లైబ్రరీ కావాలి. పాత ఆర్‌ఎక్స్‌టీఎక్స్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వేరే ఫైలు అవసరం. 64 బిట్ జావాకు 32 బిట్ ఫైలు ఇస్తే ‘అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్’ వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి, ఆ ఫైళ్లను తనలోనే మోసుకొచ్చే జేసీరియల్‌కామ్ సులువు. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో సీరియల్ పోర్టు తరగతి 2005 నాటి 2.0తో చేరింది. 2021లో వచ్చిన క్రోమ్ 89 నుంచి బ్రౌజరులోని పేజీ కూడా, వాడుకరి ఒప్పుకుంటే, సీరియల్ పోర్టుతో మాట్లాడగలదు.

17. తీగ ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు

ఛార్జింగుకే తయారైన యూఎస్‌బీ తీగల్లో డేటా తీగలు ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, పోర్టు మాత్రం జాబితాలో కనిపించదు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్నా, కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా డేటా కేబుల్ అని అడిగి తీసుకోండి. అడాప్టరులో ఏ చిప్పు ఉందో కూడా అడగండి. 2014లో ఎఫ్‌టీడీఐ విడుదల చేసిన విండోస్ డ్రైవరు, నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చడంతో అవి పనిచేయకుండా పోయాయి. చాలామందికి తమ దగ్గరున్నది నకిలీ అని అప్పుడే తెలిసింది.

వోల్టేజీ మరో సంగతి. అసలైన ఆర్‌ఎస్-232 లైనులో ఒకటి అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అంటే ప్లస్ 3 నుంచి 15. దాన్ని నేరుగా 3.3 వోల్టుల బోర్డుకు తగిలిస్తే బోర్డు పాడైపోవచ్చు. నడుమ మ్యాక్స్3232 వంటి మార్పిడి చిప్పు పెట్టాలి. పంపే పిన్ను అవతల స్వీకరించే పిన్నుకు కలవాలి, రెండు వైపుల గ్రౌండ్‌లు కూడా కలవాలి.

18. పోర్టు బాగున్నా తిరుమలగిరి 30 కిలోమీటర్లు జరిగిపోవచ్చు

తిరుమలగిరి అక్షాంశం సుమారు 17.47 డిగ్రీలు, రేఖాంశం 78.51. జీపీఎస్ మాడ్యూలు వీటిని 1728.2, 07830.6 అన్నట్టుగా పంపుతుంది. అంటే 17 డిగ్రీల 28.2 నిమిషాలు, 78 డిగ్రీల 30.6 నిమిషాలు. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలపాలి. మొత్తాన్ని 100తో భాగించేస్తే మ్యాపులో మీరు నైరుతిగా 30 కిలోమీటర్లు జరిగి, హిమాయత్‌సాగర్ అవతల తేలతారు. బైట్లు సరిగ్గా వచ్చాకే ఇలాంటి తప్పులు వెతకాలి.

19. ఒక చిన్న తీగ ముక్క సగం అనుమానాలు తీరుస్తుంది

తొమ్మిది పిన్నుల పోర్టులో 2, 3 పిన్నులను ఒక జంపర్ వైరుతో కలపండి. యూఎస్‌బీ అడాప్టరు అయితే పంపే, స్వీకరించే పిన్నులను కలపండి. ఫ్లో కంట్రోలు ఆపేసి, ప్రోగ్రాము నుంచి ఒక మాట పంపండి. అదే మాట తిరిగి వస్తే పోర్టు పేరు, డ్రైవరు, అనుమతి, లైబ్రరీ అన్నీ సరిగ్గా ఉన్నట్టే, లోపం అవతలి పరికరంలోనో దాని అమరికలోనో ఉంది. రాకపోతే లోపం మీ వైపే ఉంది. ఈ పరీక్ష పట్టుకోలేనిది వేగం. పంపేదీ చదివేదీ ఒకే గడియారం కాబట్టి ఏ వేగం పెట్టినా మాట తిరిగి వస్తుంది. వేగాన్ని పరికరం పుస్తకంలో చూసి విడిగా నిర్ధారించుకోవాలి.

ఇవన్నీ కలిపి చూస్తే వెతకాల్సిన వరుస తేలుతుంది. ముందు తీగ, తర్వాత పోర్టు పేరు, ఆపైన అనుమతి, పోర్టును మరెవరైనా పట్టుకున్నారా అన్న సంగతి, వేగమూ బిట్లూ, వరుస ముగింపు గుర్తు, చిట్టచివర ప్రోగ్రాము. ఈ వరుస తప్పి పైనుంచి కిందికి వెతికేవారికి రోజులు పడుతుంది. కింది నుంచి వెళ్లేవారు ఒక్కో మెట్టునూ నిర్ధారించుకుని ముందుకు సాగుతారు. విద్యార్థులకు ఒక మనవి: మీ పరికరం పలికిన రోజున దాని వేగం, బిట్ల సంఖ్య, పారిటీ, ముగింపు గుర్తు ఒక చీటీ మీద రాసి దానికే అంటించండి. వచ్చే ఏడాది ఆ బల్ల దగ్గర కూర్చునే విద్యార్థికి మీరు చేయగల పెద్ద సాయం అదే.